బార్సిలోనాలో ఓడ, కావలిలో ఇల్లు: విమానం టికెట్ ఎవరి దగ్గర కొనాలి?

కావలి నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు రాసిన ఉత్తరం ఇది:

"మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండుతున్నాయని జర్మనీలో ఉన్న మా అబ్బాయి మా ఇద్దరికీ, వాళ్ళ కుటుంబానికీ కలిపి బార్సిలోనాలో ఎక్కే ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాడు. అక్టోబరు 25 ఆదివారం సాయంత్రం ఆరింటికి ఓడ బయల్దేరుతుంది. చెన్నై నుంచి మా విమానం టికెట్లు కూడా క్రూయిజ్ వాళ్ళే ఇస్తారట. రానూ పోనూ ఇద్దరికీ కలిపి 2 లక్షల 46 వేలు, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి బార్సిలోనాలో దిగుతాం. ఇక్కడ మాకు తెలిసిన ఏజెంటు లక్షా 88 వేలకే ఇప్పిస్తానంటున్నాడు. కాకపోతే చెన్నై నుంచి దుబాయ్ దాకా ఒక టికెట్, అక్కడి నుంచి బార్సిలోనాకి ఇంకో కంపెనీ టికెట్ అట. పక్కింటివాళ్ళేమో క్రూయిజ్ వాళ్ళ దగ్గరే కొనండి, మీ విమానం లేటైనా ఓడ ఆగుతుంది అంటున్నారు. 58 వేల తేడా. అబ్బాయి డబ్బే అయినా ఊరికే పోగొట్టబుద్ధి కావడం లేదు. నాకు మోకాళ్ళ నొప్పులు, మా వారికి షుగరు. ఏం చేయమంటారు?"

అమ్మా, ముందు మీ ఏజెంటు చెప్పిన రెండు టికెట్ల పద్ధతిని పక్కన పెట్టేద్దాం. 58 వేలు కాదు, లక్ష మిగులుతుందన్నా అది మీకు వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని ఒకసారి నేనే చేశాను, అదీ మా సొంత మేనమామకి.

2024 ఫిబ్రవరిలో మా మామయ్య, అత్తయ్య సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కి బయల్దేరారు. నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో టికెట్ల ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి మా ఇంట్లో ఎవరు విమానం ఎక్కినా టికెట్ తీసేది నేనే. చెన్నై నుంచి సింగపూర్‌కి నేరుగా విమానాలున్నాయి, నాలుగు నాలుగున్నర గంటల ప్రయాణం. అయినా కౌలాలంపూర్ మీదుగా రెండు విడి టికెట్లు తీస్తే మనిషికి తొమ్మిది వేలు తగ్గుతోందని అలాగే తీశాను. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియాకి మనవాళ్ళు వీసా లేకుండా వెళ్ళొచ్చు గదా, అక్కడ బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళడం ఎంతసేపు అనుకున్నాను. మొదటి విమానం చెన్నైలోనే రెండు గంటలు లేటైంది. కౌలాలంపూర్‌లో దిగి, ఇమ్మిగ్రేషన్ క్యూలో నిలబడి, బెల్టు మీద పెట్టెలు వచ్చేదాకా చూసి, రెండో విమానం కౌంటర్‌కి చేరేసరికి అది మూసేసి ఇరవై నిమిషాలైంది. ఆ కంపెనీకి మొదటి కంపెనీతో ఏ సంబంధమూ లేదు. మీరు టైముకి రాలేదు, టికెట్ పోయింది, అన్నారు.

అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొని, సింగపూర్‌లో దిగి, టాక్సీలో మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌కి చేరేసరికి మూడూ యాభై. ఓడ బయల్దేరేది ఐదింటికి, చెక్-ఇన్ మాత్రం మూడున్నరకే ఆపేశారు. మామయ్య అక్కడి నుంచే నాకు వీడియో కాల్ చేశాడు. అద్దం అవతల తెల్లగా ఓడ, పై డెక్ మీద పిల్లలు అటూ ఇటూ పరిగెత్తడం ఫోన్లో నాకూ కనిపిస్తోంది. అత్తయ్య పెట్టె మీద కూర్చుని ఉంది. పెట్టెకి తగిలించాల్సిన గది నంబరు చీటీ ఇంకా చేతిలోనే ఉంది, దాన్ని మడతపెట్టి మళ్ళీ విప్పుతోంది. "ఓడ ఈడనే ఉండాది గదబ్బయా, ఇంకా గంట టైముండాది, ఎందుకు ఎక్కనీరు?" అని మామయ్య అడిగాడు. టికెట్లు తీసినవాణ్ణి నేను, నాకు నోట మాట రాలేదు. క్రూయిజ్‌కి కట్టిన డబ్బులో ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు. డబ్బు సంగతి అటుంచి, అత్తయ్య ఆ తర్వాత ఆ ప్రయాణం ఊసే ఎత్తలేదు.

ఓడ కళ్ళెదుట ఉన్నా ఎందుకు ఎక్కనివ్వరంటే, బయల్దేరే ముందే ప్రయాణికుల పూర్తి జాబితా అధికారుల చేతికి వెళ్ళిపోవాలి. అమెరికా రేవుల్లోనైతే కనీసం 60 నిమిషాల ముందు పంపాలన్నది నిబంధన. జాబితా పంపాక కొత్త పేరు చేర్చరు. అందుకే మీ కాగితాల్లో ఓడ బయల్దేరే టైము ఆరు అని ఉంటే, దాని పక్కనే ఎక్కడో చిన్న అక్షరాల్లో చెక్-ఇన్ ముగిసే టైము కూడా ఉంటుంది. అది నాలుగున్నర కావచ్చు, ఐదు కావచ్చు. మీకు లెక్క అదే, ఆరు కాదు. అబ్బాయిని అడిగి దాన్ని ముందు రాసి పెట్టుకోండి.

మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు విడి టికెట్లయితే దుబాయ్‌లో మీ పెట్టెలు మీరే తీసుకుని మళ్ళీ రెండో కంపెనీకి ఇవ్వాలి. పెట్టెలు తీసుకోవాలంటే ఇమ్మిగ్రేషన్ దాటాలి, మామూలు ఇండియన్ పాస్‌పోర్టు మీద అది దాటాలంటే సాధారణంగా ముందుగా యూఏఈ వీసా తీసుకుని ఉండాలి. మీ ఏజెంటు ఈ వీసా మాట ఎత్తాడా? ఎత్తకపోతే ఆ లక్షా 88 వేలల్లో వీసా ఖర్చు లేనట్టే. ఆ సంగతి తెలియకుండా చెన్నై కౌంటర్ దగ్గర నిలబడితే అక్కడే ఆపేసే ప్రమాదం ఉంది. మోకాళ్ళ నొప్పులతో మీరు, పెట్టెలు లాగుతూ సారు, తెల్లవారుజామున దుబాయ్‌లో ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి పరిగెత్తడం నేను ఊహించుకోలేను.

ఒకే టికెట్ అంటే మధ్యలో విమానం మారినా, కంపెనీ మారినా పీఎన్ఆర్ ఒక్కటే ఉండడం. అప్పుడు మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది, మీరు కొత్త టికెట్ కొనక్కర్లేదు. పెట్టెలు చెన్నైలో ఇస్తే నేరుగా బార్సిలోనాలోనే తీసుకుంటారు. చెన్నై కౌంటర్‌లో పెట్టెకి చుట్టే చీటీ మీద పెద్ద అక్షరాల్లో బీసీఎన్ అని ఉందో లేదో కళ్ళతో చూసుకోండి, అది బార్సిలోనా కోడ్. ఆ మూడక్షరాలు కాకుండా ఇంకేమున్నా అక్కడే ఆగి అడగండి, సిగ్గుపడొద్దు.

ఇక పక్కింటివాళ్ళ మాట. ఓడ ఆగుతుందనే మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, దారిలో ఊళ్ళు చూడ్డానికి క్రూయిజ్ వాళ్ళే పెట్టే బస్సు టూర్లు ఉంటాయి, ఆ బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఓడ దాని కోసం ఆగుతుంది. ఆ సంగతి నిజమే. దాన్నే జనం విమానానికి కూడా అంటగట్టేశారు. క్రూయిజ్ వాళ్ళ దగ్గర కొన్న విమానం టికెట్‌కి అలాంటి హామీ ఉండదు. ఒకే విమానంలో వాళ్ళ ప్రయాణికులు వందమంది వస్తూ అది గంట లేటైతే కెప్టెన్ కాసేపు ఆగొచ్చేమో గానీ, చెన్నై నుంచి వచ్చే ఇద్దరి కోసం మూడు నాలుగు వేలమందితో ఉన్న ఓడని నిలపరు. రేవులో దాని చోటు ఖాళీ చేయాలి, రేవు దాటించే పైలట్ టైము ముందే నిర్ణయమై ఉంటుంది, మర్నాడు ఇంకో రేవులో దాని కోసం చోటు పెట్టి ఉంటారు.

మరి వాళ్ళ దగ్గర కొంటే ఏం లాభం? మీరు వస్తున్న విమానం ఏదో వాళ్ళకి తెలుసు, లేటైతే పలకడానికి ఒక ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది, ఓడ తప్పిపోతే తర్వాతి రేవులో ఎక్కించే ప్రయత్నం వాళ్ళు చేస్తారు. ఇక్కడ ఒక్క మాట పట్టి చూడాలి. ఆ ప్రయత్నానికి, దారిలో హోటలుకి అయ్యే ఖర్చు ఎవరిది? కొందరు తామే పెట్టుకుంటామని రాస్తారు, కొందరు 'సాయం చేస్తాం' అని మాత్రమే రాస్తారు. సాయం చేయడం వేరు, డబ్బు కట్టడం వేరు. అబ్బాయి చేత ఈ సంగతి ఈమెయిల్‌లో అడిగించి, జవాబు దాచిపెట్టండి. ఫోన్లో చెప్పిన మాట చెల్లదు.

అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఓడే రద్దయితే? లేదా తేదీ మారితే? విమానం కూడా వాళ్ళ దగ్గరే కొంటే రెండు డబ్బులూ వాళ్ళే చూసుకోవాలి. మీరు విడిగా కొంటే ఓడ డబ్బు తిరిగి వచ్చినా విమానం టికెట్ మీ మెడకే. మీ అబ్బాయి జర్మనీలో అక్కడి అమ్మకందారు దగ్గర ఓడ, విమానం రెండూ ఒకే ప్యాకేజీగా కొంటే ఇంకా నయం. యూరోపియన్ యూనియన్‌కి 2015లో వచ్చిన ప్యాకేజీ ప్రయాణాల నిబంధనలు ఉన్నాయి, వాటి ప్రకారం ప్యాకేజీలోని అన్ని భాగాలకీ జవాబుదారీ అమ్మినవాడే, వాడు దివాలా తీసినా కట్టిన డబ్బుకి రక్షణ ఉంటుంది. కాబట్టి 2 లక్షల 46 వేలు ఎక్కువని తీసిపారేయకండి, దానిలో కొంత ఈ భరోసాకి పెట్టే ఖర్చు.

నష్టాలూ ఉన్నాయి. విమానం, టైము, మధ్యలో ఆగే చోటు వాళ్ళు తమకి వీలైనట్టు పెడతారు. మీ టికెట్ చాలా రోజుల దాకా అసలు ఇష్యూ కాదు, మిగతా డబ్బంతా కట్టాక ఓడకి రెండు నెలల ముందో ఎప్పుడో వస్తుంది, అప్పటిదాకా సీటు ఎంచుకోవడానికి కూడా ఉండదు. మార్పు కావాలంటే విమాన కంపెనీకి ఫోన్ చేస్తే 'మీకు అమ్మినవాళ్ళని అడగండి' అంటారు. విమానాశ్రయం నుంచి రేవుకి బస్సు ఆ ధరలో ఉందనుకుంటాం, చాలాసార్లు దానికి విడిగా కట్టాలి. బార్సిలోనాలో అది పెద్ద బాధ కాదులెండి, విమానాశ్రయం నుంచి రేవుకి టాక్సీలో అరగంటలోపే. అదే రోమ్ ఓడ అయితే రేవు ఉండేది చివిటావెక్కియాలో, ఊరికి 70 కిలోమీటర్ల పైమాటే, అక్కడ ఈ బస్సు సంగతి ముందే చూసుకోవాలి.

కానీ అమ్మా, మీకు వాళ్ళిచ్చిన టికెట్‌లో నన్ను భయపెట్టింది ధర కాదు, తేదీ. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి దిగి అదే సాయంత్రం ఓడ ఎక్కడం. కాగితం మీద చూస్తే ఏడెనిమిది గంటలు చేతిలో ఉన్నట్టే ఉంటుంది. మధ్యలో విమానం మారాలి గదా, ఆ రెండో విమానం తప్పితే తర్వాతిది మధ్యాహ్నమో మర్నాడో. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కురిసిన వానకి అక్కడి విమానాశ్రయంలో నీళ్ళు నిలిచి, వేలమంది రోజుల తరబడి ఇరుక్కుపోయారు. ఆ వారంలో ఓడలున్నవాళ్ళకి ఒకే టికెట్ ఉన్నా, క్రూయిజ్ వాళ్ళ టికెట్ ఉన్నా ఒరిగేదేముంది? యూరప్‌లో దిగాక కూడా ఇప్పుడు కొంత ఆలస్యం. 2025 అక్టోబరు 12 నుంచి బయటి దేశాలవాళ్ళ రాకపోకలన్నీ కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త పద్ధతి మొదలుపెట్టారు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఫోటో తీసి వివరాలు ఎక్కిస్తారు, రద్దీగా ఉన్నప్పుడు క్యూ కదలదు.

ఇంకో సంగతి, ఇది మన జిల్లావాళ్ళకే తెలిసేది. క్రూయిజ్ వాళ్ళ బాధ్యత అయినా, విమాన కంపెనీ బాధ్యత అయినా మీనంబాకం విమానాశ్రయంలో మొదలవుతుంది. కావలి నుంచి చెన్నై దాకా ఉన్న ఆ రెండొందల ముప్పై కిలోమీటర్లకి పూచీ ఎవరూ ఉండరు. పైగా అక్టోబరు చివర. మనకి తుఫాన్లు పట్టే రోజులు. 2025లో మొంథా తీరం దాటింది అక్టోబరు 28న, ఎన్ని రైళ్ళు రద్దయ్యాయో మీరు కావలి స్టేషన్లో చూసే ఉంటారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, ఆ పక్కనే హైవే కూడా తెగింది. కావలివాళ్ళు చెన్నై వెళ్ళాలంటే పెన్నా దాటాలి, తర్వాత నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి, సూళ్ళూరుపేటలో కాళంగి. ఇవన్నీ దాటి చెన్నై చేరినా, విమానాశ్రయం ఊరికి ఆ చివర దక్షిణాన ఉంటుంది, రెడ్ హిల్స్ నుంచి బైపాస్ పట్టినా ఇంకో గంట. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు ఆ విమానాశ్రయం రన్‌వే మీదే నీళ్ళు నిలిచి మర్నాటి పొద్దున దాకా మూసేశారు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు, నూటికి తొంభై సార్లు ఏమీ కాదు. కానీ ఓడ ఒక్కటే రోజు, ఒక్కటే గంట.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. 22వ తేదీ గురువారం పొద్దున్నే కావలి నుంచి బయల్దేరి ఆ రాత్రి చెన్నైలో బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో పడుకుంటాను. పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి విమానాశ్రయానికి మెట్రో ఉంది, కానీ మీ మోకాళ్ళకి, పెట్టెలకి కారే మేలు. రైలు అనుకుంటే మాత్రం రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, దసరా అయిన వారం కాబట్టి మొదటి రోజే చేయించండి. 23న విమానం, 24 ఉదయానికల్లా బార్సిలోనా. శనివారం రాత్రి అక్కడే హోటల్లో నిద్ర. విమానం ఒక రోజు మొత్తం లేటైనా ఓడ అందుతుంది.

ఈ ఏర్పాటు క్రూయిజ్ వాళ్ళ చేత చేయించొచ్చా అంటే, చాలామంది చేస్తారు. కాస్త రుసుము తీసుకుని ఒకటి రెండు రోజుల ముందు దిగేలా టికెట్ ఇస్తారు. అబ్బాయి చేత ముందుగా ఇదే అడిగించండి. అదే సమయంలో చెన్నై నుంచి బార్సిలోనాకి ఒకే పీఎన్ఆర్ మీద, 24కి చేరేలా, విమాన కంపెనీ సొంత సైట్లో ధర చూడమనండి. రెండింటికీ తేడా పాతిక వేల లోపు ఉంటే క్రూయిజ్ వాళ్ళ దగ్గరే కొనమంటాను. అబ్బాయి అక్కడే ఉన్నాడు, వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడగలడు, ఓడ రద్దయితే రెండు చోట్ల తిరగక్కర్లేదు. పాతిక దాటితే విడిగా కొనండి. ఒక రోజు ముందు వెళ్తున్నారంటే ఓడ తప్పిపోయే భయం చాలావరకు పోయినట్టే, ఇక ఆ భరోసాకి అంత డబ్బు అక్కర్లేదు. విడిగా కొంటే నేరుగా విమాన కంపెనీ దగ్గర కొనండి. నేనూ ఏజెంటు ఆఫీసులోనే పనిచేస్తూ ఈ మాట అంటున్నాను, ఎందుకంటే అర్ధరాత్రి విమానం మారాల్సి వస్తే మా ఆఫీసు షట్టర్ దించి ఉంటుంది. మధ్యలో ఆగే టైము మూడు గంటలకి తగ్గకుండా చూసుకోండి. వీల్‌చెయిర్‌కి డబ్బు అక్కర్లేదు, కాకపోతే కనీసం 48 గంటల ముందు చెప్పాలి. టికెట్ తీసేటప్పుడే చెప్పేస్తే మర్చిపోయే పని ఉండదు.

ఒకటి గుర్తుంచుకోండి, వెళ్ళేటప్పుడు మొదటి విమానం మీరు ఎక్కకపోతే ఒకే టికెట్ మీద ఉన్న తిరుగు ప్రయాణం కూడా మామూలుగా రద్దు చేసేస్తారు. అందుకని వాన వల్లో ఎందువల్లో చెన్నై చేరడం కష్టమనిపిస్తే, విమానం టైము దాటకముందే ఫోన్ చేసి మార్పించుకోవాలి, దాటాక కాదు.

వీసా రాకముందు డబ్బు వెనక్కి రాని టికెట్ మాత్రం కొనొద్దు. షెంజెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, టికెట్ రిజర్వేషన్ కాగితం చూపిస్తే చాలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, కానీ అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి జులై దాటనివ్వకండి. ఫీజు 90 యూరోలు, దరఖాస్తులు తీసుకునే సెంటర్ వాళ్ళ ఛార్జీ వేరే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. స్పెయిన్ అయితే చెన్నైలో బీఎల్ఎస్ అనే కంపెనీ సెంటర్ ఉంది. మీ ఓడ ట్యునీషియా లాంటి బయటి దేశంలో కూడా ఆగేదైతే మల్టిపుల్ ఎంట్రీ వీసా అడగాలి, లేకపోతే మళ్ళీ యూరప్ రేవులోకి రావడానికి ఇబ్బంది. వీసాకి ఎలాగూ కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చుకి సరిపడే ఇన్సూరెన్స్ తీసుకోవాలి గదా, అదే పాలసీలో కనెక్షన్ తప్పిపోవడం, ఓడ తప్పిపోవడం కూడా కవర్ అయ్యేది చూసి తీసుకోండి. సారు షుగరు సంగతి ఫారంలో దాచొద్దు, దాస్తే రేపు క్లెయిమ్ ఆపేస్తారు.

డబ్బు మీరు ఇక్కడ కట్టేలా ఉంటే ఒక పన్ను సంగతి. మన దగ్గరి ఏజెంటు ఓడ, విమానం కలిపి ప్యాకేజీగా అమ్మితే దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, వసూలు చేస్తాడు. 2025 ఏప్రిల్ నుంచి అది 10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది, 2026 బడ్జెట్లో 2 శాతానికి తగ్గించారు. ఒట్టి విమానం టికెట్ ఒక్కటే కొంటే ఇది పడదు. పడినా అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో కలుస్తుంది లేదా వెనక్కి వస్తుంది. బిల్లు మీద పాన్ నంబరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. అబ్బాయి జర్మనీలో తన డబ్బుతో అక్కడే కడితే ఈ గొడవే లేదు.

తిరిగి వచ్చే రోజు నవంబరు 1. ఓడ పొద్దున్నే రేవుకి వస్తుంది, దిగడం తొమ్మిదిన్నర దాకా సాగుతుంది, కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి ముందున్న విమానం ఎంత చవకైనా తీసుకోవద్దు. యూరప్ నుంచి బయల్దేరే ఏ కంపెనీ విమానమైనా, వాళ్ళ తప్పు వల్ల మిమ్మల్ని మూడు గంటలకి పైగా ఆలస్యంగా చేరిస్తే ఇంత దూరానికి మనిషికి 600 యూరోల దాకా పరిహారం ఇవ్వాలని అక్కడ చట్టం. అలాంటిది జరిగితే బోర్డింగ్ పాసులు పారేయకుండా అబ్బాయికి ఇవ్వండి, అతను అడిగి రాబడతాడు.

అమెరికాలో పిల్లలున్నవాళ్ళూ ఇలాంటివే అడుగుతున్నారు కాబట్టి వాళ్ళ కోసం ఒక ముక్క. మీకు బార్సిలోనాలో ఓడ తప్పినా, తర్వాత ఆగేది ఫ్రాన్సులోని మార్సెయ్ అయితే రోడ్డు మీద 500 కిలోమీటర్లు, అదే వీసాతో వెళ్ళి ఎక్కే దారి ఉంటుంది. సియాటిల్‌లో ఎక్కి మళ్ళీ సియాటిల్‌లోనే దిగే అలాస్కా ఓడలకి అది కుదరదు. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది, దాని వల్ల సియాటిల్‌లో తప్పినవాళ్ళని అలాస్కాలోని జూనో రేవులో ఎక్కించుకోరు. అక్కడికి వెళ్ళేవాళ్ళు కూడా ముందు రోజే చేరాలి.

చేతి సంచిలో సారు మందులన్నీ, డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ, ఇద్దరికీ రెండు రోజుల బట్టలు పెట్టుకోండి. ఇన్సులిన్ ఉంటే పెద్ద పెట్టెలో వేయొద్దు, కింద లగేజీ ఉండేచోట చలికి గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. మనవళ్ళ కోసం ఇంట్లో కాచిన నెయ్యి తీసుకెళ్దామని ఉంటుంది, నాకు తెలుసు, కానీ పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేకూడదు, తీసుకెళ్తే తీసి పారేస్తారు. క్రూయిజ్ వాళ్ళ ఎమర్జెన్సీ నంబరు ఫోన్లో పెట్టుకోవడంతో పాటు ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పనికొస్తుంది.

అన్నట్టు, 24 రాత్రి తెల్లవారితే ఆదివారం కదా, ఆ తెల్లవారుజామున యూరప్ అంతటా గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనకీ వాళ్ళకీ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అవుతుంది. ఫోన్ దానంతటదే మారుతుంది, సారు చేతి గడియారం మాత్రం మీరే మార్చాలి. మీరు ఒక రోజు ముందే వెళ్తే ఆ గంట కూడా హోటల్లో నిద్రపోవడానికే. లేచి టిఫిన్ తిని, మధ్యాహ్నం పన్నెండు దాటాక అబ్బాయి వాళ్ళతో కలిసి టాక్సీలో రేవుకి వెళ్ళండి.